నెల్లూరు పొగతోటలో సైకాలజిస్ట్: ఎంత పెట్టాను, ఏం దక్కింది

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తా అయినా, సీడ్ (రొయ్యపిల్లలు) అయినా, డీజిల్ అయినా రేటు అడక్కుండా కొనే అలవాటు లేదు. అట్లాంటి నాకు మానసిక వైద్యం దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఫీజు ఎంత, ఆ డబ్బుకి ఎంతసేపు చూస్తారు, ఎన్నిసార్లు రమ్మంటారు అని అడగాలంటే అదోరకం సిగ్గు. ఆ సిగ్గు చూసే బిల్లు రాసేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే నేను వెళ్తున్న క్లినిక్ గురించి రూపాయలతో సహా రాస్తున్నా.

కిందటి పంటకి వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం తగిలి ఒక గుంట మొత్తం పోయింది. అప్పటినుంచి రాత్రుళ్లు గుండెదడ. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ అందుకునేలోపు నాకు చెమటలు పట్టేవి, ఊపిరి ఆడేది కాదు, వేళ్లు తిమ్మిరెక్కేవి. ప్రాణం పోతోందనే అనుకునేవాణ్ణి. ముందు గుండె డాక్టర్ దగ్గరికే పరిగెత్తాం. ఈసీజీ, ఎకో, టీఎంటీ, థైరాయిడ్, అన్నీ నార్మల్. వాటికైన ఖర్చు మామూలుగా లేదు, అయినా దండగ అనను. ఛాతీ పట్టేసినట్టుంటే ముందు గుండె చూపించుకోవాల్సిందే. ఆయనే "గుండెకేం కాలేదబ్బా, ఇది పానిక్, ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం. సైకాలజిస్ట్‌ని కలువు" అని చెప్పి పంపాడు.

మొదట వెళ్లిన చోటు పేరు రాయను. ఏసీ హాలు, గోడ నిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు. పావుగంట మాట్లాడి పది సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, 12,000 ముందే కట్టాలంట. మధ్యలో మానేస్తే మిగతాది వెనక్కిస్తారా అంటే "అట్లా ఎవరూ మానెయ్యరు సార్" అని నవ్వారు. రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పమంటే గోడ చూపించారు. లేచి వచ్చేశా. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేసేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, 1992 నాటి చట్టం అది. వాళ్లకి ఒక నంబర్ ఉంటుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మనమే చూసుకోవచ్చు. బోర్డు మీద ఉత్త 'కౌన్సెలర్' అని ఉంటే ఏం చదివారు, ఎక్కడ చదివారు అని మొహమాటం లేకుండా అడగండి. సరిగ్గా చదివినవాళ్లు కోప్పడరు.

ఇప్పుడు వెళ్తున్నది పొగతోటలో. కింద మందుల షాపు, మేడమీద రెండు గదులు. ఒకదాంట్లో సైకియాట్రిస్ట్, రెండోదాంట్లో సైకాలజిస్ట్ మేడం. ఇద్దరూ ఒకటే అనుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది, ఇద్దర్నీ కలిపి 'నరాల డాక్టర్' అంటారు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, చేయించే పనులతో నయం చేస్తారు. కాబట్టి ఫీజులు కూడా రెండు. నాకు మొదటి సిట్టింగ్‌కి 1,000, ఆ తర్వాత ఒక్కోదానికి 700. సైకియాట్రిస్ట్‌కి వేరేగా 500, మందులు బయట. ఈ లెక్కంతా ఫోన్ చేసినప్పుడే రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. నాకు నచ్చింది అదే.

ఇంట్లో గొడవ మామూలే. "ఏందయ్యా, కూర్చుని మాట్లాడేదానికి వెయ్యి రూపాయలా? నాతో మాట్లాడు, ఊరికే వింటా" అంది మా ఆవిడ. తర్వాత తనే ఒకసారి తోడొచ్చింది. నేను సరేనన్నాకే మేడం ఆవిణ్ణి లోపలికి పిలిచారు. మనం అక్కడ చెప్పింది మన ఒప్పుకోలు లేకుండా ఇంట్లోవాళ్లకైనా చెప్పరు, ప్రాణాపాయం లాంటిది ఉంటే తప్ప. ఆ మాట మొదటిరోజే చెప్పారు.

మొదటి సిట్టింగ్ గంట పైనే పట్టింది. నిద్ర, తాగుడు, అప్పులు, చిన్నప్పటి సంగతులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా, అన్నీ అడిగారు. వాటి మధ్యలో ఒక కాగితం, ఏడు ప్రశ్నలు, తెలుగులోనే. గడిచిన రెండు వారాల్లో ఆందోళన ఎంత ఉందో సున్నా నుంచి మూడు దాకా వేయాలి, మొత్తం 21కి. నాకు 16 వచ్చింది. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. పిల్లల ఐక్యూ లాంటి పెద్ద పరీక్షలకి మాత్రం వేరే ఫీజు, అవి గంటలు పట్టే పని. నాకు అట్లాంటివి అక్కర్లేదని ఆమే చెప్పారు.

నా డబ్బంతా గిట్టింది ఆ తర్వాతొచ్చిన ఒక సిట్టింగ్‌లో. గుండె రిపోర్టులు మళ్లీ ఒకసారి చూసి, "ఇప్పుడు ఒక నిమిషం గబగబా గాలి పీల్చి వదలండి, నేనూ మీతో చేస్తా" అన్నారు. చేశా. అర నిమిషానికే వేళ్లు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది, ఛాతీ పట్టేసింది. గుంట గట్టు మీద వచ్చేది అచ్చం ఇదే! ఆమె వాచీ చూస్తూ కూర్చున్నారు. నిదానంగా ఊపిరి వదలమన్నారు, కాసేపటికి దానంతటదే తగ్గిపోయింది. నేను ఆక్సిజన్ అందకే ఇట్లా అవుతోందనుకునేవాణ్ణి, రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ కొలిచేవాడికి ఇంకేం తోస్తుంది? తీరా చూస్తే తిరకాసు. భయంలో ఎక్కువెక్కువ గాలి పీల్చేసి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, తిమ్మిర్లకి, తలతిరుగుడుకి కారణం అదంట. అది చావు కాదు అని ఎంతమంది చెప్పినా ఎక్కనిది, అక్కడ కుర్చీలో కూర్చుని నా చేత్తో నేనే తెప్పించుకుని పోగొట్టుకున్నాక ఎక్కింది. ఇది ఇంట్లో సొంతంగా చేయకండి, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లయితే అసలు వద్దు.

ఇంకోటి, ఇంటికిచ్చిన పని. మొదట ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది, నాకు రాదన్నా. మేడం అక్కడే తెల్లకాగితం మీద తెలుగులో గీతలు కొట్టిచ్చారు: టైం, ఏం జరిగింది, ఏమనుకున్నాను, భయం పదికి ఎంత. దాన్ని నేను గుంట రిజిస్టర్‌లోనే పక్క పేజీలో రాస్తున్నా. మేత ఎంత వేశాం, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఎంత మిగిలింది, నా భయం ఎంత, అన్నీ ఒకేచోట. భయంతో రాత్రి కాపలా తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో పడుకునేవాణ్ణి, దాన్ని కొంచెం కొంచెంగా మళ్లీ నా మీద వేసుకోమన్నారు. మొదటి రాత్రి భయం తొమ్మిది. మొన్న మూడు.

మందులు కూడా కొన్నాళ్లు పడ్డాయి. నిద్ర బొత్తిగా లేదని మేడమే పక్కగదికి పంపారు. తగ్గింది కదా అని మనంతట మనం ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

బాగాలేనివీ చెప్తా. హాల్లో ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తారు. ఆ హాల్లో మా పక్క ఊరి మేత డీలర్ కూర్చుని ఉంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. నేను చెప్పాక నాకు టోకెన్ నంబర్‌తో పిలుస్తున్నారు, మిగతావాళ్లని ఇప్పటికీ పేరుతోనే. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. ఒకరోజు ముందు చెప్పకుండా మానేస్తే సగం ఫీజు పట్టుకుంటారు. రూల్ తప్పు కాదు, కానీ దాన్ని గోడ మీద అంటించాలి. ట్రాన్స్‌ఫార్మర్ పేలి రాత్రంతా గుంట మీదున్న నా దగ్గర 350 పట్టుకున్నాక తెలిసింది నాకా రూల్.

ఇన్సూరెన్స్ ఇస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బుకి ఎట్లా ఇస్తారో మనసు జబ్బుకీ అట్లాగే బీమా ఇవ్వాలి. 2022 అక్టోబర్ 31 కల్లా పాలసీలన్నీ అట్లా మార్చమని బీమా నియంత్రణ సంస్థ కూడా చెప్పింది. ఇందులో మెలిక ఏందంటే, మన దగ్గర ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. జ్వరానికి ఓపీ ఫీజు ఇవ్వని పాలసీ సిట్టింగ్ ఫీజూ ఇవ్వదు. మీ పాలసీలో ఓపీడీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు ఇచ్చేది, ఉందేమో చూసుకోండి. నాది లేదు, అన్నీ జేబులోంచే.

అంత పెట్టలేనివాళ్లు నెల్లూరు దర్గామిట్టలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు, ఒంగోలు వైపువాళ్లకి అక్కడి పెద్దాసుపత్రి ఉంది. రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే, సైకియాట్రీ విభాగం ఉంటుంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి. జనం ఎక్కువ, ఎక్కువసేపు కూర్చోబెట్టి మాట్లాడే తీరిక వాళ్లకి ఉండదు. ఇల్లు కదలకుండా అంటే 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒకసారి గట్టు మీదనుంచే చేశా, ఓపిగ్గా విన్నారు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఆ నంబర్‌కి చేయండి, పక్కన మనిషిని పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఫోన్ సిట్టింగ్ కూడా ఉంది, ఫీజు అదే 700. మా గుంటల దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి నేను కోవూరు మీదుగా బండి మీద వెళ్లిపోతా. సాయంత్రాలు పొగతోటలో కారు పెట్టడానికి చోటుండదు, పొద్దుటి టైం అడగండి.