వాతావరణ నివేదికల సమీక్ష: అమెరికా పద్ధతి మేలా, మనది మేలా?

హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోవచ్చని, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో ఒక వాక్యం ఉండేది. దాని మూలం తవ్వుకుంటూ వెళితే పరిశోధనా పత్రమేదీ దొరకలేదు. ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక, దాని వెనుక ఒక పత్రికా కథనం బయటపడ్డాయి. 2010 జనవరిలో ఐపీసీసీ విచారం తెలిపింది. పెద్ద నివేదికలో ఒక తప్పు దొర్లితే క్షమించవచ్చు. కానీ చిత్తుప్రతి దశలోనే జపాన్ ప్రభుత్వం, ఈ మాటకు ఎంత నిశ్చయత ఉందని అడిగింది. అడిగినా ఆ వాక్యం కదలలేదు. అందుకే ఏ దేశపు నివేదిక చూసినా నేను ముందు వెతికేది ఒక్కటే: అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలన్న నియమం ఉందా?

అమెరికాలో ఉంది. అక్కడ 1990 నాటి చట్టం ప్రకారం కనీసం నాలుగేళ్లకొకసారి వాతావరణ మార్పుపై జాతీయ నివేదిక రావాలి (మొదటి రెండింటి మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి, అది వేరే సంగతి). చిత్తుప్రతిని ప్రభుత్వ శాఖలు, జాతీయ విజ్ఞాన అకాడమీలు పరిశీలిస్తాయి. సామాన్యులూ వ్యాఖ్యలు పంపవచ్చు. ప్రతి వ్యాఖ్యకూ రచయితలు జవాబు రాయాలి, ఆ జవాబు సరిపోయిందో లేదో సమీక్షా సంపాదకులు చూస్తారు. ప్రతి అధ్యాయం చివర, ముఖ్యమైన ఒక్కో నిర్ధారణకు ఆధారమేమిటి, సందేహం ఎక్కడుంది, నమ్మకం ఎంత అన్న లెక్క అప్పజెబుతారు. నాకు అన్నింటికన్నా నచ్చేది ఈ లెక్కే.

మన దేశంలో ఇలాంటి చట్టం లేదు. 2010లో ఇలాంటి ఒక అంచనా నివేదిక వచ్చింది. ఆ తర్వాత 2020లో భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఆధ్వర్యంలో ఇంకొకటి వెలువడింది. ఒకే సంస్థ నడిపించడం వల్ల పుస్తకం కుదురుగా ఉంది. 1901–2018 మధ్య సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందనీ, 1951–2015 మధ్య నైరుతి వానలు 6 శాతం తగ్గాయనీ సూటిగా చెబుతుంది. అయితే సమీక్షకులు ఏమడిగారో, రచయితలు ఏం మార్చారో పుస్తకంలో కనబడదు.

వాన లెక్క దగ్గర ఈ లోటు బాగా తెలుస్తుంది. దేశాన్ని చిన్న గళ్లుగా విడదీసి ఒక్కో గడిలో ఎంత వాన పడిందో చూపేలా వాతావరణ శాఖ 1901 నుంచి తయారుచేసిన పటాలకు 6,955 వర్షమాపకాల లెక్కలు వాడారు. అయితే అన్నీ అన్ని ఏళ్లూ పనిచేయలేదు. పడమటి కనుమల్లో కుండపోత కురిసే చోట ఒక కేంద్రం మూతబడితే, వాన తగ్గకపోయినా సగటు తగ్గినట్టు కనిపించవచ్చు. దీన్ని ఎలా సరిదిద్దారని ఎవరైనా అడిగి ఉంటే, ఆ ప్రశ్నా జవాబూ మనమూ చదవగలగాలి.

పద్ధతిలో నా ఓటు అమెరికాకే. నివేదికల భద్రతలో మాత్రం కాదు. 2025 ఏప్రిల్‌లో ఆరో నివేదిక రాస్తున్న దాదాపు 400 మందిని ప్రభుత్వం తప్పించింది. జూలై మొదటికల్లా పాత నివేదికలున్న సైటు కూడా మూతబడింది. ప్రతులు వేరే చోట్ల దొరుకుతున్నా, చట్టం చెప్పిన పనికే ఆ గతి పట్టింది. మన 2020 నివేదికను ఒక ప్రచురణ సంస్థ పుస్తకంగా వేసి ఉచితంగా అందుబాటులో ఉంచింది. తర్వాతి సంపుటిని కూడా అలాగే వేసి, చివర సమీక్షకుల ప్రశ్నలు, వాటి జవాబులు అనుబంధంగా చేర్చడానికి చట్టం దాకా ఆగనక్కరలేదు.