క్యూఎము ఎమ్‌ట్రీ స్క్రిప్ట్: లైను చివరి పాయింటర్ కోసం

క్యూఎము అంటే సాఫ్ట్‌వేర్‌లోనే ఒక మెషీన్‌ని నడిపే ఎమ్యులేటర్. దానితో వచ్చే పైథాన్ స్క్రిప్ట్‌ని జీడీబీ అనే డీబగ్గర్లో ఎక్కించి ‘క్యూఎము ఎమ్‌ట్రీ’ అని కొడితే, ఆ మెషీన్ అడ్రసుల్లో ఏ రీజియన్ (ర్యామ్ ముక్కో, పరికరమో) ఎక్కడుందో జాబితా వస్తుంది. ప్రతి లైను చివర బ్రాకెట్లో ఒక పాయింటర్ ఉంటుంది. ఈ స్క్రిప్ట్‌ని ఇన్నాళ్ళూ అట్టిపెట్టుకున్నది దాని కోసమే. అడ్రసు మొదలు, చివర, రీజియన్ పేరు క్యూఎము సొంత కమాండ్ ప్రాంప్ట్ అయిన మానిటర్‌లోని ‘ఇన్ఫో ఎమ్‌ట్రీ’ కూడా చెబుతుంది, నిజానికి ఇంకా పొందిగ్గా చెబుతుంది. ఆ పేరు వెనకున్న మెమరీరీజియన్ స్ట్రక్చర్‌ని మాత్రం చేతికివ్వదు.

ఎడు పరికరాన్నే తీసుకోండి. ఇక్కడ బరంపురంలో డ్రైవర్లు రాయడం నేర్చుకునే పిల్లల చేత ముందు పట్టించేది క్యూఎముతో వచ్చే ఈ ఉత్తుత్తి పీసీఐ కార్డునే. ఎమ్‌ట్రీ జాబితాలో ‘ఎడు-ఎంఎంఐఓ’ అనే లైను దొరుకుతుంది, వెడల్పు 1 ఎంబీ. చివరి పాయింటర్‌ని మెమరీరీజియన్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి, దాని ‘ఆప్స్’ చూపేదాన్ని ప్రింట్ చేయండి. రీడ్, రైట్ ఏ ఫంక్షన్లకి పోతున్నాయో పేర్లతో సహా వచ్చేస్తాయి. ఆ కిందనే ‘వ్యాలిడ్’ అనే ముక్కలో కనీస యాక్సెస్ 4 బైట్లు, గరిష్ఠం 8 అని ఉంటుంది. డ్రైవర్‌లో ఒక్కో బైటు చదువుతూ, సరైన విలువ ఎందుకు రావట్లేదని తల పట్టుకున్నవాడికి జవాబు అక్కడే ఉంది. ఆ రీడ్ పరికరం ఫంక్షన్ దాకా చేరనే లేదు. పక్కనే ఉన్న ‘ఓపేక్’ అనే పాయింటర్‌ని పరికరం స్ట్రక్చర్‌కి క్యాస్ట్ చేస్తే పరికరం లోపలి స్థితి మొత్తం కనిపిస్తుంది. రైట్ ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టుకోవడం కూడా ఆ ప్రాంప్ట్‌లోనే.

ఇది బాగా అక్కరకొచ్చేది మెషీన్ బిగుసుకుపోయినప్పుడు. పరికరం రైట్ ఫంక్షన్‌లో లూపు తెగకపోతే, గెస్ట్ (క్యూఎము లోపల నడిచే సిస్టమ్) సీపీయూని నడిపే వీసీపీయూ థ్రెడ్ క్యూఎము పెద్ద తాళాన్ని (ఒకసారికి ఒక్క థ్రెడ్డే పట్టుకోగలిగే లాక్‌ని) పట్టుకునే తిరుగుతూ ఉంటుంది. మెయిన్ లూపు ఆ తాళం కోసం కాచుకుంటుంది. మానిటర్ కమాండ్లు నడిచేది ఆ మెయిన్ లూపులోనే కాబట్టి ఏం కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. జీడీబీకి ఏ తాళంతోనూ పని లేదు, ప్రాసెస్‌ని ఆపి మెమరీలో ఉన్నది ఉన్నట్టు చదువుతుంది.

ఎక్కించడంలో రెండు చోట్ల తట్టుకుంటారు. ఉబుంటులో ‘యామా పీట్రేస్ స్కోప్’ అనే కెర్నల్ సెట్టింగ్ 1గా ఉంటుంది, కనక మామూలు యూజర్‌గా అటాచ్ కానివ్వదు. సుడో వాడాలి. రెండోది, డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీ) ప్యాకేజీ క్యూఎము మీద ‘అడ్రస్ స్పేస్ మెమరీ అనే సింబల్ లేదు’ అంటుంది. అదే బిల్డ్‌కి చెందిన డీబగ్ సింబల్స్ ప్యాకేజీ వేస్తే సరి. ఆప్టిమైజ్ చేసిన బిల్డ్ అని బెంగక్కర్లేదు, స్క్రిప్ట్ మొదలయ్యేది గ్లోబల్ వేరియబుల్స్ నుంచే. సిగ్‌యూజర్1 అనే సిగ్నల్ దగ్గర పదేపదే ఆగకుండా స్క్రిప్టే చూసుకుంటుంది, అది పుణ్యం.

ఇక పేచీ. డిస్ట్రో అప్‌గ్రేడ్ చేశాక ఒకరోజు ఎమ్‌ట్రీ మొదటి లైనుకే ‘ఓవర్‌ఫ్లో ఎర్రర్, ఇంట్ టూ బిగ్ టు కన్వర్ట్’ అని చతికిలపడింది. క్యూఎము మారలేదు, స్క్రిప్ట్ మారలేదు, మారింది జీడీబీ. రీజియన్ల సైజు 128 బిట్ల సంఖ్య. స్క్రిప్ట్ దాన్ని జీడీబీ చేత స్ట్రింగ్‌గా రాయించుకుని, 16 బేస్‌తో పూర్ణాంకంగా మారుస్తుంది. పాత జీడీబీ 128 బిట్ల విలువని హెక్స్‌లో (16 బేస్‌లో) రాసేది కనక చెల్లింది. కొత్తది దశాంశంలో రాస్తుంది. ‘సిస్టమ్’ రీజియన్ సైజు 2 ఘాతం 64, అంటే 18446744073709551616. ఈ ఇరవై అంకెల్నీ హెక్స్ అనుకుని చదివితే 64 బిట్లలో ఎక్కడ పడుతుంది?

ఎర్రర్ వచ్చింది కాబట్టి నయం. స్క్రిప్ట్‌లో మెమరీ రూట్ లైనుని కామెంట్ చేసి ఐఓ స్పేస్ ఒక్కదాన్నే నడిపిస్తే ఏ ఎర్రరూ రాదు, తప్పు మాత్రం ఉంటుంది. నాలుగు ఎఫ్‌లతో ముగియాల్సిన ‘ఐఓ’ రీజియన్ 65535 దగ్గర ముగిసినట్టు చూపిస్తుంది. సరిగ్గానే ఉందిగా అనిపిస్తుంది, ఎందుకంటే నాలుగు ఎఫ్‌లంటే దశాంశంలో అదే సంఖ్య. కానీ ఆ కాలమ్ హెక్స్. అందులో 65535 అంటే నాలుగు లక్షలు దాటిన సంఖ్య. మందు ఒక్క అంకె: ఆ మార్పిడిలో 16 తీసేసి 0 పెట్టండి, ముందున్న గుర్తుని బట్టి బేస్‌ని పైథానే తేల్చుకుంటుంది. అంతకుముందు ఇదే ఫంక్షన్, సైజు ఎప్పుడూ ‘లో’, ‘హై’ అనే రెండు ముక్కల స్ట్రక్చరే అనుకుని, కంపైలర్ సొంత 128 బిట్ల రకం వాడిన బిల్డ్‌ల మీద విరిగేది. దాన్ని బాగుచేయబోయి పెట్టిందే ఈ 16.

మానిటర్ కంటే ఇదే మేలని చాలామందితో అన్నాను. అన్నివేళలా కాదు. ఎమ్‌ట్రీ లైన్లలో ప్రయారిటీ రాదు. రెండు రీజియన్లు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు గెలిచేదెవరో తెలియాలంటే పాయింటర్లు ఒక్కొక్కటే పట్టుకుని ‘ప్రయారిటీ’ ప్రింట్ చేసుకోవాలి. మానిటర్ పలికే స్థితిలో ఉంటే ‘ఇన్ఫో ఎమ్‌ట్రీ’కి ఎఫ్ ఆప్షన్ ఇవ్వడం హాయి. పైగా ఇది చూసేది మెమరీ, ఐఓ అనే రెండు రూట్లనే. పీసీఐ పరికరాలకి విడిగా ఉండే డీఎంఏ (పరికరమే నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) అడ్రస్ స్పేస్‌లు ఇందులో రావు.

ఇంకో మెలిక. రీజియన్ల మార్పుల్ని క్యూఎము ట్రాన్సాక్షన్‌గా పోగుచేసి, చివర్లో ఒక్కసారిగా కమిట్ చేస్తుంది. గెస్ట్ యాక్సెస్‌లు నడిచేది చివరి కమిట్‌లో కట్టిన ఫ్లాట్‌వ్యూ (చెట్టుని చదును చేసిన జాబితా) ప్రకారం. ఎమ్‌ట్రీ చూపేది రీజియన్ల చెట్టుని. ట్రాన్సాక్షన్ మధ్యలో ఆపితే రెండూ వేరు. ‘మెమరీ రీజియన్ ట్రాన్సాక్షన్ డెప్త్’ అనే వేరియబుల్‌ని ప్రింట్ చేసి, సున్నా కాకపోతే ఆ చెట్టుని నమ్మకండి.

దూరం నుంచి చూడాల్సి వస్తే కోర్ ఫైలు (ప్రాసెస్ మెమరీ నకలు) మీద కూడా ఇది ఇలాగే పనిచేస్తుంది. పర్లాకిమిడి నుంచో రాయగడ నుంచో మొబైల్ డేటా మీద 4 జీబీ గెస్ట్ కోర్ పంపమంటే ఎవరూ పంపరు. అందుకే మెషీన్ మొదలెట్టేటప్పుడే ‘డంప్ గెస్ట్ కోర్’ ఆఫ్ పెట్టమంటాను. గెస్ట్ ర్యామ్ కోర్‌లోకి రాదు, రీజియన్ల స్ట్రక్చర్లు క్యూఎము సొంత హీప్‌లో ఉంటాయి కాబట్టి ఎమ్‌ట్రీకి లోటుండదు. గెస్ట్‌లోని పాస్‌వర్డులు ఊళ్ళు తిరగవు కూడా. కోర్‌తో పాటు అదే క్యూఎము బైనరీ, దాని సింబల్స్ ఉండాలి.

నేను దీన్ని వాడేవి ఆపినా అడిగేవాళ్ళు లేని మెషీన్లు. జనం వాడుతున్న సర్వీసు ఉన్నచోట లెక్క వేరు. జీడీబీ అటాచ్ అయిన క్షణం నుంచి గెస్ట్ గడ్డకడుతుంది, వర్చువల్ క్లాకు మాత్రం పరిగెడుతూనే ఉంటుంది. వదిలేసరికి వాచ్‌డాగ్ (మెషీన్ బిగుసుకుందనుకుంటే రీసెట్ చేసే టైమర్) గడువు దాటిపోయి గెస్ట్ రీసెట్ కావచ్చు. అక్కడ ముందు మానిటర్‌నే అడగండి. పలక్కపోతే ప్రాంప్ట్‌లో కూర్చోకుండా, సోర్స్, ఎమ్‌ట్రీ రెండింటినీ బ్యాచ్ మోడ్‌లో ఒకే కమాండ్‌గా ఇచ్చి, ఫైల్లోకి రాయించుకుని బయటికొచ్చేయండి. పాయింటర్ల వెంట పడాలంటే ఆ పని కోర్ మీద చేసుకోవచ్చు.