సూపర్‌మ్యాన్ కొత్త వేషం: నిక్కరుకు మంచి మార్కులు, కాలరుకు కాదు

సూపర్‌హీరో దుస్తులను అంచనా వేసేవారు సాధారణంగా ఆ హీరో ఎంత బలవంతుడిగా కనిపిస్తున్నాడన్నదే చూస్తారు. సూపర్‌మ్యాన్ విషయంలో ఆ కొలమానం పనికిరాదు. భవనాలను భుజాన మోయగలిగినవాడు, కళ్ళతో నిప్పులు కురిపించగలిగినవాడు, పైగా వేరే గ్రహం నుంచి వచ్చినవాడు ఆకాశం నుంచి ఎదురుగా దిగితే మామూలు మనిషికి కలిగేది భయమే. ఆయన నోరు విప్పేలోపే ఆ భయాన్ని పోగొట్టవలసిన బాధ్యత దుస్తులది. జేమ్స్ గన్ దర్శకత్వంలో 2025 జూలై 11న విడుదలైన 'సూపర్‌మ్యాన్' చిత్రం కోసం జూడియానా మకోవ్‌స్కీ రూపొందించిన కాస్ట్యూమ్ ఈ పరీక్షలో చాలావరకు నెగ్గింది, ఒకటి రెండు చోట్ల మాత్రం తడబడింది.

ముందు నిక్కరు సంగతి. 'ప్యాంటు మీద డ్రాయరు వేసుకునేవాడు' అన్న ఎగతాళి సూపర్‌మ్యాన్‌ను ఏళ్ళ తరబడి వెంటాడుతూనే ఉంది. 1938లో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఈ పాత్రను పరిచయం చేసిన నాటికి ఆ వేషంలో నవ్వుకోవలసినది ఏమీ లేదు. సర్కస్‌లో బరువులెత్తే వస్తాదులు బిగుతు దుస్తుల మీద పొట్టి లాగు తొడుక్కోవడం అప్పటి పాఠకులకు తెలిసిన దృశ్యమే, బలశాలి అనగానే కళ్ళముందు మెదిలే రూపమూ అదే. ఆ వస్తాదులు కనుమరుగయ్యాక నిక్కరుకు ఆధారం పోయింది, అందుకే అది వింతగా కనిపించసాగింది. 2011లో సూపర్‌మ్యాన్ కామిక్స్ ప్రచురించే డీసీ సంస్థ తన కామిక్స్‌ను కొత్తగా మొదలుపెట్టినప్పుడు దాన్ని తీసేసింది. 2013లో హెన్రీ కావిల్ నటించిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లోనూ అది లేదు. 2018లో 'యాక్షన్ కామిక్స్' 1000వ సంచికతో కామిక్స్‌లోకి తిరిగి వచ్చిన నిక్కరుకు, వెండితెర మీదకు రావడానికి మరో ఏడేళ్ళు పట్టింది.

గన్ చెప్పినదాని ప్రకారం, నిక్కరు ఉండాలా వద్దా అన్నది ఆయన చాలాకాలం ఎటూ తేల్చుకోలేకపోయారు. చివరికి ఆయనను ఒప్పించింది సూపర్‌మ్యాన్‌గా నటించిన డేవిడ్ కోరెన్‌స్వెట్. పిల్లలు తనను చూసి భయపడకూడదని కోరుకునే సూపర్‌మ్యాన్, ఆ కోరిక కొద్దీ ఇంత రంగురంగుల వేషమే వేసుకుంటాడన్నది ఆయన వాదన. నా దృష్టిలో ఈ కాస్ట్యూమ్ మొత్తానికి ఆయువుపట్టు ఈ ఒక్క ఆలోచనే. ఎర్ర నిక్కరు వేసుకోవడానికి సిగ్గుపడని మనిషిని చూసి మనం కొంత నవ్వుతాం, నవ్వు వచ్చిన చోట భయం నిలవదు. నిక్కరును దాచిపెట్టడానికో, దానికి కవచం లాంటి సాకు చూపించడానికో ప్రయత్నించకుండా నిక్కరును నిక్కరుగానే కుట్టించడం ఈ రూపకర్త చేసిన అన్నిటికన్నా ధైర్యమైన పని.

కథను పక్కనపెట్టి కేవలం కంటికి కనిపించేదాన్ని చూసినా నిక్కరు ఉపయోగం తక్కువది కాదు. మెడ నుంచి మడమల దాకా ఒకే నీలం పరుచుకుంటే చూపు ఆగే చోటు ఉండదు, నడుము ఎక్కడో తెలియదు, దూరం నుంచి తీసిన షాట్లలో మనిషి ఒక నీలం స్తంభంలా కనిపిస్తాడు. 2013 నాటి కాస్ట్యూమ్‌లో ఈ ఇబ్బంది ఉన్నందువల్లనే బెల్టు ఉండవలసిన చోట నడుము పక్కల లోహపు నగిషీలాంటి అలంకారాలను తెచ్చి పెట్టవలసి వచ్చింది, అయినా ఆ వెలితి తీరలేదు. కొత్త కాస్ట్యూమ్‌లో ఎర్ర నిక్కరు, దాని పైన పసుపు బెల్టు కలిసి శరీరాన్ని రెండు భాగాలు చేస్తాయి. ఛాతీ మీది ఎరుపు, నడుము దగ్గరి ఎరుపు, బూట్ల ఎరుపు ఒక వరుసలో కుదిరి, ఆకాశంలో చుక్కంత ఉన్నప్పుడు కూడా ఎగురుతున్నది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

గుడ్డ విషయంలో వచ్చిన విమర్శ ఎక్కువగా తొలి ఫొటో వల్ల వచ్చినదే. 2024 మే 6న గన్ విడుదల చేసిన ఆ ఫొటోలో సూపర్‌మ్యాన్ కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి బూటు తొడుక్కుంటూ ఉంటాడు, కిటికీ అవతల నగరం మీద ఏదో ఉపద్రవం సాగుతూ ఉంటుంది. పొట్ట దగ్గర, భుజాల దగ్గర, మోచేతి మడతలో గుడ్డ ముడతలు పడి స్పష్టంగా కనిపిస్తుంది. దర్జీ కొలతలు సరిగ్గా తీసుకోలేదని అప్పట్లో చాలామంది నవ్వారు. కూర్చుని ముందుకు వంగిన మనిషి ఒంటి మీద ముడత పడని గుడ్డ ఉంటే అది గుడ్డే కాదు, రబ్బరు. అంతకుముందు కొన్నేళ్ళుగా సూపర్‌హీరోల ఒంటి మీద కండలను ముందే అచ్చుపోసిన తొడుగులు చూసి చూసి, గుడ్డ ఎలా ఉంటుందో మన కళ్ళు మరచిపోయాయేమో అనిపిస్తుంది. సినిమాలో మంచులో పడి, దెబ్బలు తిని, కుక్క క్రిప్టో వీపున వేలాడే కేప్ పట్టి ఈడ్చుకుపోతున్నప్పుడు ఈ దుస్తులు నలిగి, మాసి కనిపిస్తాయి కాబట్టే ఆ దెబ్బలను మనం నమ్ముతాం.

రంగుల గురించి పెద్దగా చెప్పవలసినది లేదు, అవి సరిగ్గా ఉన్నాయి. 2006 నాటి 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్'లో ఎరుపు ముదిరి మెరూన్ అయింది, 2013లో నీలం దాదాపు బూడిద రంగులోకి జారింది. ఇప్పుడు రెండూ తమ స్థానాలకు తిరిగి వచ్చాయి, పట్టపగటి వెలుతురులో జరిగే పోరాటాల్లో అవి వెలవెలబోలేదు. ఈ నీలం తెచ్చిపెట్టే తంటాలు కొత్తవి కావు. 1978లో క్రిస్టఫర్ రీవ్ నటించిన చిత్రానికి, వెనుక దృశ్యాన్ని తరువాత చేర్చడానికి వాడే నీలి తెర ముందు చిత్రీకరించినప్పుడు, దుస్తులు తెరలో కలిసిపోకుండా ఉండడానికి వేరే ఛాయలో కుట్టినవి వాడవలసి వచ్చింది.

ఛాతీ మీది 'S' గుర్తు 1996లో వచ్చిన 'కింగ్‌డమ్ కమ్' కామిక్‌లోని కోణాల గుర్తును పోలి ఉంటుంది. అక్కడ అది నలుపు నేపథ్యంతో వయసు మళ్ళిన, మనసు విరిగిన సూపర్‌మ్యాన్ ధరించినది. దాన్ని ఎరుపు పసుపుల్లోకి మార్చి ఒక యువకుడికి తొడగడం నాకు మొదట అంతగా నచ్చలేదు, తెర మీద మాత్రం ఆ సూటి గీతలు దూరానికి కూడా చదవడానికి వీలుగా ఉన్నాయి. కేప్ వెనుక పసుపు గుర్తు తిరిగి రావడం పాత అభిమానులకు దక్కిన చిన్న కానుక.

కాలరును మాత్రం సమర్థించలేను. మెడ చుట్టూ నిలబడే ఈ కాలరు 2011 నాటి కామిక్స్ నుంచి వచ్చిన అలవాటు, అప్పుడూ అది నచ్చలేదు. రీవ్ దుస్తుల్లో మెడ కింది భాగం తెరిచి ఉండడం వల్ల ముఖానికీ ఛాతీ మీది గుర్తుకూ మధ్య కొంత చర్మం కనిపించి, వేషం లోపల ఒక మనిషి ఉన్నాడని తెలిసేది. ఇక్కడ ఆ ఖాళీ మూసుకుపోయింది, దానితో కోరెన్‌స్వెట్ మెడ పొట్టిగా కనిపించి, కొన్ని దగ్గరి షాట్లలో సైనిక యూనిఫాం ఛాయలు వచ్చాయి. 1989 నాటి 'బ్యాట్‌మ్యాన్'లో మైకేల్ కీటన్ తల తిప్పలేక నడుముతో సహా తిరగవలసి వచ్చినంత అవస్థ ఇక్కడ లేకపోయినా, మెడ అన్నది నటుడికి ఎంత ముఖ్యమో ఆ ఉదంతం చెబుతూనే ఉంది. భయం పోగొట్టడానికి నిక్కరు తొడిగి, ఆ వెంటనే మెడకు యూనిఫాం బిగించడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమే.

కాలరు తరువాతి ఫిర్యాదు ఒంటి మీది గీతల మీద. భుజాల మీదుగా, పక్కల వెంబడి, ఛాతీ కింద సాగే ఈ కుట్ల గీతల్లో కొన్ని శరీరం మలుపును అనుసరిస్తాయి, తక్కినవి ఏ పనీ లేకుండా ఉన్నాయి. పెద్ద తెర మీద ఖాళీ గుడ్డ బోసిగా కనిపిస్తుందన్న బెంగతో ఇప్పటి సినిమాలు ప్రతి హీరో ఒంటి మీదా ఇలాంటి గీతలు గీస్తున్నాయి, నిక్కరు విషయంలో అంత తెగువ చూపినవారు ఇక్కడ ఆ మందలో కలిసిపోవలసిన అవసరం లేదు. తరువాతి చిత్రానికి కాలరును కిందికి దించి, ఈ గీతల్లో సగం చెరిపేసి, నిక్కరు జోలికి వెళ్ళకుండా ఉంటే చాలు.