నాన్న సీకో ఫైవ్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

నాన్న పోయాక ఆయన బీరువాలోంచి తీసి పెట్టుకున్న వాచీ ఇది. పన్నెండేళ్లుగా దాదాపు రోజూ నా చేతికే ఉంది. సెల్లు లేదు, కీ ఇచ్చే పనీ లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుంది. రాత్రి తీసి పక్కన పెట్టినా పొద్దున్నకి నడుస్తూనే ఉంటుంది. శని, ఆదివారాలు పెట్టుకోకపోతే మాత్రం సోమవారానికి ఆగిపోతుంది.

"ఇది మా పెళ్లినాటి వాచీరా" అని అమ్మ ఎప్పుడూ అనేది. పెళ్లి 1983లో. అంతకు రెండేళ్ల ముందే నాన్న రాజోలు నుంచి కువైట్ వెళ్లారు. అందుకని నేనూ అదే నమ్మాను. మొదటిసారి సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు వెనక మూత మీద పేరుకున్న మురికిని మెత్తటి బ్రష్షుతో తీసి, టార్చి వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే రెండు నంబర్లు కనపడ్డాయి. ఒకటి 7009-876ఏ. రెండోది 4ఎన్‌తో మొదలయ్యే సీరియల్ నంబరు.

మొదటిదాంట్లో ముందున్న నాలుగు అంకెలు మెషీన్‌వి, గీత తర్వాతవి కేసువి, అంటే మెషీన్ చుట్టూ ఉండే బయటి డొల్లవి. వయసు చెప్పేది రెండోది. అందులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, దాని పక్కది నెల. సెప్టెంబరు దాకా 1 నుంచి 9, అక్టోబరుకి ఓ, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. అంటే నాది 4తో ముగిసే ఏదో ఒక ఏడాది నవంబరులో తయారైంది. ఏ దశాబ్దమో ఆ నంబరు చెప్పదు, మనమే తేల్చుకోవాలి. 1974 కాదు, అప్పటికి 7009 మెషీనే రాలేదు. 1994 కూడా కాదు, ఇది గల్ఫ్‌లో అమ్మిన వాచీ. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక నాన్న అన్నీ వదిలేసి ఇంటికొచ్చేశారు, మళ్లీ వెళ్లలేదు. మిగిలింది 1984. పెళ్లి నాటికి ఈ వాచీ ఇంకా పుట్టనే లేదు.

అమ్మ ఒప్పుకోలేదు. పెళ్లి ఫొటో తెచ్చి భూతద్దం పెట్టి చూశాం. నాన్న ఎడమ చేతికి వాచీ ఉంది, కానీ దాని కీ మూడు అంకె దగ్గరుంది. ఈ సీకోకి కీ నాలుగు దగ్గర, కేసులోకి సగం దాగి ఉంటుంది. రోజూ తిప్పాల్సిన అవసరం లేదు కాబట్టి అలా పక్కకి జరిపారు. అమ్మ చాలాసేపు ఫొటో చూసి, "అయితే అక్క అన్నప్రాసనకి వచ్చినప్పుడు తెచ్చుంటారు. ఆ రాత్రి నా చేతికి పెట్టి చూశారు, జారిపోయింది" అంది. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పాత సీకో కొనేవాళ్లు ఒక్క వెనక మూత చూసి డబ్బులివ్వకండి. మూతలు మారుస్తారు. డయల్ మీద ఆరు అంకె కిందుగా, అంచున, చాలా చిన్న అక్షరాల్లో మెషీన్ నంబరు ఉంటుంది. అది మూత మీది మొదటి నాలుగు అంకెలతో కలవాలి. మళ్లీ రంగు వేసిన డయళ్ల మీద చాలాసార్లు ఆ అక్షరాలు ఉండవు, లేదా అలుక్కుపోయి ఉంటాయి. కుదిరితే మూత తీయించి మెషీన్ మీద కూడా చూడండి, నాదాంట్లో 7009ఏ అని ఉంది.

ఇక వాడకం. సర్వీసింగ్‌కి ముందు రోజుకి రెండు నిమిషాలు వెనకబడేది. ఇప్పుడు అర నిమిషం ముందుకెళ్తుంది, వారానికోసారి సరిచేసుకుంటాను. సరిచేసేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు కాబట్టి సెకనుతో సహా కలపడం కుదరదు. నీళ్ల దగ్గర అస్సలు నమ్మకండి. మూత మీద వాటర్ రెసిస్ట్ అని ఉన్నా లోపలి రబ్బరు ఏనాడో గట్టిపడిపోయింది, ఒక్క వానకే అద్దం లోపల ఆవిరి పట్టింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది మాత్రం మొదటి సర్వీసింగ్. ఆ షాపతను అడక్కుండానే కేసు పాలిష్ చేశాడు. అంచుల పదును పోయింది, నాన్న చేతి గీతలూ పోయాయి. పాలిష్ వద్దని ముందే గట్టిగా చెప్పండి.

గల్ఫ్‌లో అమ్మిన వాచీ కాబట్టి దీని వారాల చక్రం మీద ఇంగ్లీషుతో పాటు అరబిక్ కూడా ఉంది. నాన్న అరబిక్‌లోనే ఉంచుకునేవారు. నేనూ మార్చలేదు. ఇప్పుడు ఏడు వారాలూ చదవగలను.