పాయింటర్ రేంజ్ బగ్: ప్యాచ్ ఎక్కడ వేస్తే మేలు?

తీసేయకూడని నల్ చెక్‌ను (పాయింటర్ సున్నానా అని చూసే పరీక్షను) కంపైలర్‌లోని ఆప్టిమైజర్ తీసేసిందని తేలగానే అందరూ అడిగేది ఒకటే: పాస్‌నే (కోడ్‌ను మెరుగుపరిచే ఆ దశనే) ఆపాలా, చెక్‌ను తీసేసిన చోట అడ్డుకట్ట వేయాలా, రేంజ్ (పాయింటర్‌కి ఉండగల విలువలు) లెక్కగట్టిన చోట దిద్దాలా?

పాస్ ఆపడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జీసీసీ కంపైలర్‌లో ఆ పాస్‌ను ఆపే ‘ఎఫ్-నో-ట్రీ-వీఆర్‌పీ’ ఫ్లాగ్‌తో వాడుకరికి ఆ పూట గడుస్తుంది. కానీ రేంజ్‌లు లెక్కగట్టే భాగమైన రేంజర్ చెప్పిన రేంజ్‌లనే జంప్ థ్రెడింగ్ (ఫలితం ముందే తెలిసిన బ్రాంచ్‌లను దాటేయించే పాస్) కూడా వాడుకుంటుంది కాబట్టి బగ్ అటునుంచి రావచ్చు.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది తప్పుడు రేంజ్ ఎక్కడ పుట్టిందన్నదే. ఏవీఆర్ (చిన్న మైక్రోకంట్రోలర్) లాంటి టార్గెట్‌లో సున్నా అడ్రస్ కూడా చెల్లుతుంది. అక్కడ 12 ఇంట్‌ల అర్రే ‘ఏ’ సరిగ్గా సున్నా దగ్గరే ఉందనుకోండి. ‘పీ’లో ఏ[6] అడ్రస్ పెట్టి, 6 తీసేస్తే పీ నిజంగానే నల్. నాన్‌నల్‌కి ఏ ఆఫ్‌సెట్ కలిపినా నాన్‌నల్ అని కూడిక నియమం గుడ్డిగా చెప్పేస్తే, తర్వాత వచ్చే ‘పీ సున్నానా?’ అన్న చెక్ మాయమవుతుంది. లినక్స్ కెర్నల్ కూడా 2009 నుంచి, సున్నా అడ్రస్ కూడా చెల్లొచ్చని కంపైలర్‌కి చెప్పే ‘ఎఫ్-నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ ఫ్లాగ్‌తోనే బిల్డ్ అవుతోంది, అందుకే దీన్ని ఏదో మూల టార్గెట్ గొడవ అని వదిలేయలేం.

చెక్‌ను తీసేసిన చోట అడ్డుకట్ట వేస్తే ఆ ఒక్క టెస్ట్ పాసవుతుంది. తప్పుడు నాన్‌నల్ మాత్రం ఫై నోడ్‌ల (వేర్వేరు దారుల్లో వచ్చిన విలువలు కలిసే చోట్ల) గుండా ప్రయాణిస్తూనే ఉంటుంది, రేపు ఇంకో పాస్‌లో తేలుతుంది. ఇలాంటి ప్యాచ్‌ను నేను రివ్యూలో ఒప్పుకోను.

పుట్టిన చోట దిద్దడానికీ రెండు దారులున్నాయి. పాయింటర్ కూడికంతటికీ వేరియింగ్ (ఏ విలువైనా కావచ్చు) అనేయడం చిన్న మార్పు, తప్పు చెప్పే ప్రసక్తే లేదు. కానీ సీ++‌లో పాయింటర్‌ను రెండో బేస్ క్లాస్‌కి మార్చినప్పుడు కంపైలర్ పెట్టే నల్ చెక్‌ల లాంటివి మామూలు టార్గెట్లలోనూ మిగిలిపోవచ్చు. నియమాన్నే కచ్చితంగా రాస్తే ఆ నష్టం ఉండదు: ‘ఎఫ్-నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ ఉంటే ఆఫ్‌సెట్ సున్నా అయినప్పుడే నాన్‌నల్ నిలవాలి. ‘ఎఫ్-ర్యాప్‌వీ-పాయింటర్’ ఉన్నా జాగ్రత్త పడాలి, ఓవర్‌ఫ్లో చుట్టు తిరిగి సున్నాకి రావచ్చు.

రిలీజ్ బ్రాంచ్‌కైతే వేరియింగ్ చాలు, అక్కడ చిన్న ప్యాచే క్షేమం. మెయిన్ బ్రాంచ్‌కి మాత్రం నియమాన్ని దిద్దాల్సిందే, దాంతోపాటు రెండు టెస్టులూ పెట్టాలి: ‘ఎఫ్-నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ ఫ్లాగ్‌తో చెక్ నిలవాలి, ఫ్లాగ్ లేనప్పుడు మునుపటిలాగే పోవాలి. రెండోది మర్చిపోతే ఎవరో ఒకరు తర్వాత వేరియింగ్ పెట్టేసినా మనకు తెలియదు.