క్యూ లేని మైక్రోస్కోప్ పీరియడ్: హైస్కూలు ల్యాబుకు ఫోల్డ్‌స్కోప్ ఎంతవరకు పనికొస్తుంది?

హైస్కూల్లో మైక్రోస్కోప్ పీరియడ్ చాలాచోట్ల ఒకేలా సాగుతుంది. బల్ల మీద రెండో మూడో మైక్రోస్కోపులు, వాటి ముందు తరగతి మొత్తం క్యూ, తలకు పది సెకన్లు. "కనిపించిందా?" "కనిపించింది సార్." ఏం కనిపించిందో గీయమంటే మాత్రం పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూడటమే. కాగితాన్ని మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోప్‌ను ఇద్దరికి ఒకటి చొప్పున ఇవ్వొచ్చు, ఆ క్యూ లేకుండా చేస్తుంది. స్కూలుకు దాన్ని కొనాల్సిన అసలు కారణం అదే. బొమ్మ స్పష్టత కోసమే అయితే బల్ల మైక్రోస్కోపే మేలు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్, జిమ్ సైబుల్స్కీ తయారుచేసిన ఈ మడత మైక్రోస్కోప్ గురించిన పరిశోధన పత్రం 2014లో వెలువడింది. నీళ్లకు తట్టుకునే కాగితం, అందులో ఒకే ఒక్క గాజు గోళీ. ఆ గోళీ ఆవగింజ కంటే కాస్త పెద్దది, వ్యాసం దాదాపు 2.4 మి.మీ. పదిహేడో శతాబ్దంలో లీవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసింది కూడా ఇలాంటి ఒంటి కటకంతోనే. ఇది వస్తువును 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, సుమారు 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపగలదు. పిల్లలు 140 అంకె చూసి మురిసిపోతారు కానీ, పీరియడ్ ప్లాన్ చేసేవాళ్లు చూడాల్సింది ఆ 2 మైక్రాన్లనే. బ్యాక్టీరియా చాలావరకు అంతకంటే సన్నం, కాబట్టి వాటిని ఇందులో వెతికించొద్దు. ఉల్లి వేరు కొనలో కణవిభజన దశలు కూడా దీనికి మించిన పని. వాటికి 40 రెట్ల ఆబ్జెక్టివ్ (వస్తువు వైపు ఉండే కటకం, కంటి వైపు 10 రెట్ల కటకంతో కలిస్తే మొత్తం 400 రెట్లు) ఉన్న మామూలు మైక్రోస్కోపే కావాలి.

ఇంకో లెక్క కూడా ముందే తెలిసి ఉండాలి. ఇంత చిన్న గోళీకి ఫోకస్ కుదరాలంటే వస్తువు గోళీ అంచు నుంచి అర మిల్లీమీటరు దూరంలోనే ఉండాలి. తరగతిలో వచ్చే ఫిర్యాదుల్లో సగానికి మూలం ఇదే. నమూనా మీద కప్పే పలచని గాజు ముక్క, అంటే కవర్‌స్లిప్, మందం సుమారు 0.17 మి.మీ. పొరపాటున రెండు అతుక్కొని వచ్చినా, నీటి బొట్టు ఎక్కువై కవర్‌స్లిప్ తేలినా ఫోకస్ దొరకడం కష్టమే. ఆకు ముక్కను ఉన్నదున్నట్టు పెడితే ఆకుపచ్చ మసకే మిగులుతుంది. "లెన్స్ పాడైంది మేడమ్" అన్న ప్రతిసారీ ముందు స్లైడ్‌ను పక్క నుంచి చూడండి. తొంభై శాతం తప్పు అక్కడే ఉంటుంది.

మడతలు పెట్టడానికి ఒక పూర్తి పీరియడ్ కేటాయించాలి. అదే గంటలో చూడటం కూడా కానిచ్చేద్దామనుకుంటే రెండూ చెడతాయి. గీతల వెంబడి మడత గట్టిగా పడాలి, గోటితోనో స్కేలు అంచుతోనో ఒకసారి రుద్దితే చాలు. మడత వదులైతే లెన్స్ ఉన్న పొర, వెలుతురు వచ్చే రంధ్రం ఉన్న పొర ఒకదానికొకటి ఎదురుగా నిలవవు. అప్పుడు చంద్రవంకలా సగం వెలుగు, సగం చీకటి కనిపిస్తుంది. లెన్స్ గోళీని వేలితో ముట్టనివ్వకండి. టీచరు ముందురోజే ఒకటి పూర్తిగా మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూసుకోవడం తప్పనిసరి. తరగతిలో సూచనల కాగితం చదివే తీరిక ఎవరికీ ఉండదు.

పట్టుకోవడం కూడా నేర్పాల్సిన పనే. రెండు చేతుల బొటనవేళ్లూ చెరో చివర ఉంచాలి. రెండింటినీ ఒకే దిక్కుకు జరిపితే దృశ్యం జరుగుతుంది. ఎడంగా లాగినా, దగ్గరికి నెట్టినా కాగితం కొద్దిగా వంగి ఫోకస్ మారుతుంది. కంటిని లెన్స్‌కు దాదాపు ఆనించాలి, కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని తీసేయాలి. మొదటి రోజు నమూనా కోసం తంటాలు పడొద్దు. సెల్లోటేపు ముక్కను మందార పుప్పొడికి అద్ది స్లైడ్‌కు అతికించండి. ఆ రేణువులు పెద్దవి, ఒంటినిండా ముళ్లతో గుండ్రంగా ఉంటాయి, ఫోకస్ కుదిరిందో లేదో వెంటనే తెలిసిపోతుంది. వెలుతురు కోసం కిటికీ వైపో బల్బు వైపో తిరగాలి. సూర్యుడి వైపు నేరుగా ఎవరూ తిప్పకూడదు. ఈ మాట ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు.

ఈ పరికరానికి అచ్చంగా నప్పే ప్రయోగం పత్రరంధ్రాలది. ఆకు అడుగుభాగాన రంగులేని గోళ్ల పాలిష్ పలచగా పూసి, పది పదిహేను నిమిషాలు బాగా ఆరనివ్వాలి. దాని మీద టేపు అతికించి మెల్లగా లాగితే ఆకు ఉపరితలం అచ్చు టేపుతో వచ్చేస్తుంది. దాన్ని స్లైడ్‌కు అతికిస్తే సరి. నీరు లేదు, మందం లేదు, కవర్‌స్లిప్ అక్కర్లేదు. రంధ్రానికి రెండు వైపులా ఉండే రక్షక కణాల జంటలు పెదవుల్లా తేటగా కనిపిస్తాయి. ఆకు పైభాగం అచ్చు కూడా తీయించి రెండింట్లో రంధ్రాలు లెక్కపెట్టిస్తే పోల్చడానికి అంకెలు చేతికొస్తాయి. నూగు ఉన్న ఆకులతో ఇది కుదరదు. పాలిష్ పచ్చిగా ఉండగా లాగినా ముద్దే వస్తుంది.

ఉల్లిపొర కాస్త ఓపిక అడుగుతుంది. లోపలి రేకను విరిచి, దాని పుటాకారపు వైపు పొరను ఫోర్సెప్స్‌తో తీసి, 5 మి.మీ. ముక్క మాత్రమే వాడాలి. పెద్ద ముక్క మడత పడుతుంది, మడతపడ్డ చోట రెండు వరుసల కణాలు కలిసి వలలా కనిపిస్తాయి. ఒక చిన్న నీటి బొట్టు, దానిలో ఒక చుక్క పలచని అయోడిన్ వేసి, కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి వాల్చాలి. నిటారుగా పడేస్తే గాలి బుడగలు మిగులుతాయి. నల్లటి మందపాటి అంచు, మధ్యలో తెల్లని వెలుగు ఉన్న ఈ బుడగలను పిల్లలు ఎంతో శ్రద్ధగా గీసి "కణం" అని రాసుకొస్తారు. రికార్డులో అచ్చమైన వృత్తం కనిపిస్తే అనుమానించండి. ఉల్లి కణం ఇటుకలా పొడవుగా ఉంటుంది.

చెరువు నీరు తెస్తే సందడి బాగానే ఉంటుంది కానీ అందులో ఈదే పారమీసియం అనే ఏకకణ జీవి లెన్స్ కింద నిలవదు. దూది నుంచి నాలుగైదు పోగులు బొట్టులో పరిస్తే వాటి మధ్య చిక్కుకొని కాసేపైనా ఒక చోట తిరుగుతుంది. తడి నమూనాలకు కాగితం స్లైడ్లు వద్దు, గాజువి వాడండి.

అన్నిటికంటే విలువైన పని కొలవడం, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఫిజిక్స్ బీరువాలోంచి సన్నని మందాలు కొలిచే స్క్రూగేజ్, సన్నని రాగి తీగ తీసుకోండి. తీగ మందం గేజ్‌తో 0.12 మి.మీ. వచ్చిందనుకుందాం. అయస్కాంతపు రింగుతో ఫోన్‌ను ఫోల్డ్‌స్కోప్‌కు తగిలించి ఆ తీగను ఫోటో తీయాలి. తెర మీద దాని మందం స్కేలుతో కొలిస్తే 24 మి.మీ. ఉందనుకోండి, అంటే తెర మీద బొమ్మ 200 రెట్లు పెద్దది. జూమ్ మార్చకుండా ఉల్లిపొరను ఫోటో తీస్తే, అందులో 60 మి.మీ. పొడవున్న కణం నిజానికి 0.3 మి.మీ. అన్నమాట. "140 రెట్లు అని రాసి ఉంది కదా, 200 ఎలా అయింది?" అని ఒకరైనా అడుగుతారు. 140 అన్నది కంటితో చూసినప్పటి మాట. ఫోన్ కెమెరా, జూమ్, తెర సైజు కలిస్తే అంకె మారిపోతుంది. అందుకే ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌తోనే తీగ కొలత తీయాలి. కొలత బొమ్మ నడిమధ్యలోనే తీయండి. గోళీ కటకం అంచుల దగ్గర మసక చేస్తుంది, వంపూ తెస్తుంది.

ఫోన్లతో ఒక చికాకు ఉంది. వెనక మూడు నాలుగు కెమెరాలున్న ఫోన్ దగ్గరి వస్తువు కనపడగానే తనంతట తాను వేరే కెమెరాకు మారుతుంది, తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. ఆటోమేటిక్ మ్యాక్రోను ఆపేసి, ప్రధాన కెమెరా ఎక్కడుందో వేలితో మూసి తేల్చుకొని, అక్కడే రింగు పెట్టాలి. వెలుతురును తెర మీద నొక్కి లాక్ చేస్తే బొమ్మ మాటిమాటికీ మారదు.

మన్నిక సంగతి: కాగితం చిరగదు కానీ మడతలు వాడేకొద్దీ వదులవుతాయి, ఫోకస్ నిలవదు. ప్రతి స్లైడ్‌ను ఏటవాలుగా కుక్కే పిల్లల చేతుల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కనురెప్పల జిడ్డు అంటి బొమ్మ మసకబారితే పొడి లెన్స్ పేపర్‌తో మెల్లగా అద్దాలి, రుద్దకూడదు. ప్రతిదాని మీదా నంబరు రాసి, ఆ నంబరును పిల్లవాడి పేరు పక్కన రాసుకుంటే వస్తువు జాగ్రత్తగా తిరిగొస్తుంది.

ఎన్ని కొనాలంటే, ఇద్దరికి ఒకటి సరిపోతుంది. ఒకరు చూస్తుంటే ఇంకొకరు గీస్తారు, తర్వాత మారతారు. ముగ్గురికి ఒకటైతే మూడోవాడు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటాడు. నాలుగైదు అదనంగా ఉంచుకోండి, మడిచే రోజే ఒకటి రెండు తప్పు గీత మీద మడతపడతాయి. బల్ల మైక్రోస్కోప్‌ను బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. ఫోల్డ్‌స్కోప్‌తో పిల్లలు పత్రరంధ్రం కనిపెట్టాక, అదే అచ్చును 400 రెట్ల దగ్గర చూపిస్తే ఈసారి వాళ్లకు ఏం వెతకాలో తెలుసు, పది సెకన్లు సరిపోతాయి.