సిగ్నల్ యాప్ ఐదేళ్లు వాడాక, ఒక ఆండ్రాయిడ్ డెవలపర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నాకు సిగ్నల్ అనే ఈ మెసేజింగ్ యాప్ అంటే ఇష్టం, 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ మీద గొడవైనప్పుడు జనం ఒక్కసారిగా దీంట్లోకి ఎగబడ్డారు గుర్తుందా, నేనూ అప్పుడే వచ్చా. ఆ తాకిడికి జనవరి 15న సర్వర్లు కూడా పడిపోయాయి. మా ఫ్రెండ్స్ గ్రూపులో పది మంది వస్తే నెల తిరక్కుండానే ఎనిమిది మంది వెనక్కి పోయారు, నేను మాత్రం ఉండిపోయా, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నని, డల్లాస్‌లో ఉన్న అక్కనీ బావనీ కూడా బతిమాలి తెచ్చుకున్నా. నీకెందుకే ఇంత పట్టుదల అని అక్క ఎన్నిసార్లు అడిగిందో. అది చెప్పాలంటే నేను అంతకుముందు చేసిన ఉద్యోగం గురించి చెప్పాలి, అది దాచిపెట్టి రివ్యూ రాస్తే సగం రివ్యూనే అవుతుంది.

2019లో నేను మాదాపూర్‌లో ఒక లోన్ల స్టార్టప్‌లో చేరా, పేరు వద్దులెండి. ఐదు వేలు, పది వేలు అలా చిన్న చిన్న అప్పులు ఇచ్చే యాప్. లోన్ కావాలంటే కాంటాక్ట్స్ పర్మిషన్ ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే నెక్స్ట్ స్క్రీన్ రాదు. ఫోన్లో ఉన్న పేర్లూ నంబర్లూ మొత్తం చదివి, ఐదొందల చొప్పున సర్వర్‌కి పంపే కోడ్ రాసింది నేనే. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ నా బుర్రలో తిరిగింది ఒకటే, మూడు వేల కాంటాక్ట్స్ ఉన్నవాళ్ల ఫోన్ కూడా హ్యాంగ్ అవ్వకూడదు అని. అవ్వలేదు, బాగా చేశావని మా లీడ్ మెచ్చుకున్నాడు కూడా.

కొన్ని నెలలకి కలెక్షన్స్ టీమ్ వాళ్లు ఇంకోటి అడిగారు. బాకీ కట్టనివాళ్ల కాంటాక్ట్స్ లిస్టు మాకు కనపడుతోంది గానీ వందల పేర్లలో ఎవరికి ఫోన్ చేస్తే పని అవుతుందో తెలియట్లేదు, అమ్మ, నాన్న, అన్నయ్య, మామయ్య, సార్, మేడమ్ ఇలాంటి మాటలున్న పేర్లు పైకి తెచ్చిపెట్టండి అని. అదీ చేశా. తెలుగులో సేవ్ చేసుకున్నా, ఇంగ్లీషు అక్షరాల్లో చేసుకున్నా, హిందీలో చేసుకున్నా దొరికేలా ఒక పదాల లిస్టు తయారుచేసి పెట్టా. టెస్ట్ డేటా అంటూ వేరే ఏమీ ఉండేది కాదు అక్కడ, అసలు మనుషుల డేటా మీదే చూసుకోవాలి. అలా చూస్తుంటే ఒకావిడ లిస్టు తెరుచుకుంది. పైన అమ్మ, దాని కింద అమ్మ కొత్త నంబరు, తర్వాత బాబు స్కూల్ మేడమ్, ఇంకా కిందకి వెళ్తే పాల శీను, గ్యాస్ బండ, టైలర్ ఆంటీ. ఆవిడ తీసుకున్నది ఎనిమిది వేలు. పక్కన నోట్స్ కాలమ్‌లో, స్కూల్ మేడమ్‌తో మాట్లాడాం, రేపు మళ్లీ చేయాలి అని ఎవరో రాసి ఉంది. ఆవిడ ఎవరో నాకు తెలీదు, ఎప్పుడూ చూడలేదు, కానీ ఆ లిస్టు వరసలో ఆ మేడమ్ మూడో స్థానంలోకి రావడానికి కారణం నా కోడ్.

2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు హైదరాబాద్‌లో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద పడి మనుషుల్ని అరెస్ట్ చేశారు. మా కంపెనీ ఆ కేసుల్లో లేదు. కానీ పేపర్లో వేసిన పద్ధతి, ఫోన్లోంచి కాంటాక్ట్స్ లాగడం, చుట్టాలకీ ఆఫీసువాళ్లకీ ఫోన్లు చేసి పరువు తీయడం, అది నాకు లైను లైనుగా తెలిసిన పని. ఆ వారమే ఉద్యోగానికి పేపర్స్ పెట్టేశా. తర్వాత 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ రూల్స్ వచ్చాయి, లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫోన్లో ఫైళ్లు ఇవేవీ ముట్టుకోకూడదని. మంచిదే, కానీ రూల్ వచ్చేదాకా ఆగాల్సిన విషయమా ఇది? మేనేజర్ చెప్పాడు కాబట్టి రాశా, అప్పటికి రూల్ లేదు కాబట్టి రాశా అని నేను ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఆ స్కూల్ మేడమ్‌కి మాత్రం చెప్పలేను.

అందుకే 2021లో సిగ్నల్ ఇన్‌స్టాల్ చేశాక నేను మొట్టమొదట వెతికింది కాంటాక్ట్స్‌ని ఏం చేస్తోంది అని. యాప్ కోడ్ బయటే పెట్టారు, ఎవరైనా చదవొచ్చు, కూర్చుని చదివా. ఏ మెసేజింగ్ యాప్‌కైనా మీ ఫోన్లో ఉన్నవాళ్లలో ఎవరెవరు ఈ యాప్‌లో ఉన్నారో తెలియాలి, అంటే నంబర్లు సర్వర్‌లో పోల్చి చూడక తప్పదు. నంబర్లని హ్యాష్ చేసి, అంటే ఒక లెక్కతో గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చి, పంపిస్తున్నాం కాబట్టి సేఫ్ అని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ మాట నమ్మకండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలయ్యే పది అంకెలు, లెక్కేస్తే మొత్తం 400 కోట్ల నంబర్లు, అంతకు మించి ఉండవు. మామూలు హ్యాష్ అయితే ఇన్నింటికీ ముందే లెక్కగట్టి పెట్టుకోవడం ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి కూడా పెద్ద పని కాదు, తర్వాత ఏ హ్యాష్ ఎవరి నంబరో వెతుక్కుంటే చాలు. సిగ్నల్ వాళ్లు 2017లోనే ఈ సమస్య గురించి విప్పి చెప్పి వేరే దారి పట్టారు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్‌జీఎక్స్ అని ఒకటుంది, సర్వర్ లోపలే తాళం వేసిన గది అనుకోండి, సర్వర్ నడిపేవాళ్లకి కూడా లోపల ఏం జరుగుతోందో కనపడకూడదు అనేది దాని ఉద్దేశం. నంబర్లు పోల్చడం ఆ గదిలో జరుగుతుంది, పైగా లోపల నడుస్తున్నది బయట పెట్టిన కోడేనా కాదా అని మన ఫోన్ ముందు సరిచూసుకుని అప్పుడే నంబర్లు పంపుతుంది. ఎస్‌జీఎక్స్‌లో కూడా రీసెర్చర్లు చాలా లోపాలు పట్టుకున్నారు, కాబట్టి ఇది బద్దలవ్వని తాళం అని నేను అనను. కానీ నేను రెండు రోజుల్లో ముగించేసిన అదే పని మీద, తమకు తెలియాల్సిన దానికంటే ఒక్క ముక్క ఎక్కువ తెలియకూడదని వీళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు చూడండి, అది నన్ను కదిలించింది.

ఇది మాటలకే పరిమితం కాదని 2016లోనే తేలింది. అమెరికాలో వర్జీనియా ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ నుంచి వీళ్లకి నోటీసు వచ్చింది, ఫలానా నంబర్ల వాళ్ల వివరాలన్నీ ఇవ్వమని. వీళ్లు ఇవ్వగలిగింది రెండే రెండు, ఆ అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. ఇంకేమీ లేదు ఇవ్వడానికి. ఇక్కడ వాట్సాప్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి, మెసేజ్ లోపలి సంగతికి వాళ్లు 2016 నుంచి వాడుతున్నది సిగ్నల్ ప్రోటోకాలే, అంటే మెసేజ్‌కి తాళం వేసే సిగ్నల్ వాళ్ల పద్ధతే, గట్టిదే. తేడా ఎక్కడంటే మెసేజ్ చుట్టూ ఉండే సమాచారం దగ్గర, ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు అనేది. ఇక టెలిగ్రామ్‌లో మామూలు చాట్లు అసలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని తాళంలో, ఉండవు, సీక్రెట్ చాట్ అని విడిగా తెరుచుకోవాలి, ఈ సంగతి తెలియక అదే సేఫ్ అనుకునేవాళ్లు మా ఆఫీసులోనే సగం మంది.

డబ్బు ఎవరు పెడుతున్నారు అని కూడా చూడాలి కదా. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్, 2014లో ఫేస్‌బుక్‌కి అమ్మి, 2017లో బయటికొచ్చి, 2018లో సిగ్నల్ ఫౌండేషన్ మొదలుపెట్టడానికి 5 కోట్ల డాలర్లు ఇచ్చాడు. అదే ఏడాది ఫోర్బ్స్ ఇంటర్వ్యూలో, నా యూజర్ల ప్రైవసీని నేను అమ్మేశా, ఆ సంగతితోనే రోజూ బతుకుతున్నా అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయన డబ్బుకీ నా జీతానికీ పోలికే లేదు గానీ ఆ మాట చదివినప్పుడు నాకు ఆ నోట్స్ కాలమే గుర్తొచ్చింది. ఇప్పుడైతే ఎక్కువగా విరాళాల మీదే నడవాలని చూస్తున్నారు. 2023లో వాళ్లే లెక్కలు బయటపెట్టారు, కొత్తవాళ్లు చేరేటప్పుడు వచ్చే ఓటీపీ మెసేజ్‌లకే ఏడాదికి 60 లక్షల డాలర్లు అవుతోందట, మొత్తం ఖర్చు 2025కల్లా ఏడాదికి 5 కోట్ల డాలర్లకి చేరుతుందని అన్నారు. యాడ్స్ లేవు, మన డేటా అమ్ముకోవడం లేదు. మా అక్క నెలకి 5 డాలర్లు ఇస్తోంది, ఒక పూట కాఫీ మానేస్తే చాలు అంటుంది.

ఇక పాలిటిక్స్. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్‌లో ఒకటి, పెద్ద మెసేజింగ్ కంపెనీలు కోర్టో ప్రభుత్వమో ఆర్డర్ ఇస్తే ఒక మెసేజ్‌ని మొదట పంపింది ఎవరో చెప్పగలగాలి అంటుంది. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే మేం ఇండియాలో ఉండలేం అని 2024లో కోర్టులోనే చెప్పింది. ఇది నేను ఇంట్లో చెప్తే మా నాన్న వెంటనే, మరి దొంగల్ని పట్టుకోవద్దామ్మా అన్నారు. ఆయన అడిగింది తప్పేం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి మన తెలంగాణతో సహా చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు, అది నాన్నకి బాగా గుర్తు. నేను చెప్పింది ఇది: అప్పుడు వాట్సాప్ ఇండియాలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, దానికి ఎవరి మెసేజూ తెరిచి చదవాల్సిన పని పడలేదు. అదే మొదట పంపింది ఎవరో చెప్పాలంటే, తప్పు చేసినవాడిదే కాదు, దేశంలో ప్రతి ఒక్కరి ప్రతి మెసేజ్‌కీ ముందే ఒక గుర్తు వేసి పెట్టుకోవాలి, ఎందుకంటే రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతారో ఈరోజు తెలీదు. డెవలపర్‌గా నాకు తెలిసింది ఏంటంటే, ఒకసారి కట్టిన తలుపుకి మంచివాడు ఎవడో చెడ్డవాడు ఎవడో తెలీదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా నా మాట ఇదే. 2024లో మన రాష్ట్రంలో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసు అందరూ చూశారు కదా, నేరస్తుల కోసమని పెట్టుకున్న ఏర్పాటుతో ఎవరెవరి ఫోన్లు విన్నారన్న ఆరోపణలు వచ్చాయో. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జిలు ఒక్క మాట మీద చెప్పారు, ఆ హక్కు నా ఫోన్లో కోడ్ రూపంలో ఉంటేనే నాకు ధైర్యం. నాన్న అంతా విని, నువ్వు చెప్పింది బానే ఉంది గానీ నేను ఇంకా ఆలోచించాలి అన్నారు. ఆయన ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు, మేం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.

అలాగని యాప్ వేసుకుంటే పని అయిపోదు. 2025 మార్చిలో అమెరికా పెద్ద పెద్ద అధికారులు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ గ్రూపులో మాట్లాడుకుంటూ పొరపాటున ఒక జర్నలిస్టుని అదే గ్రూపులో చేర్చేశారు. ఎన్‌క్రిప్షన్‌లో తప్పేం లేదు, గ్రూపులో ఎవరున్నారో చూసుకోవాల్సింది మనుషులు. పెగసస్ లాంటి స్పైవేర్ ఫోన్లోకే దిగితే మనం చదివేదంతా అదీ చదువుతుంది, అప్పుడు ఏ యాప్ అయినా చేసేదేం లేదు. కాబట్టి ఫోన్ అప్‌డేట్లు వాయిదా వేయకండి, తెలియని లింకులు నొక్కకండి, గ్రూపు మెంబర్ల లిస్టు నెలకోసారైనా చూసుకోండి.

మార్కు తగ్గించింది బ్యాకప్ దగ్గర. చాలా ఏళ్లు ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ అంటే ఫోన్లోనే ఒక ఫైలు, దానికి 30 అంకెల కోడ్, ఆ ఫైలు మనమే వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోవాలి. నేను ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టా, కానీ అమ్మలాంటి వాళ్లని అలా చేయమనడం అన్యాయం. 2025 సెప్టెంబర్‌లో ఆండ్రాయిడ్ బీటాతో, అంటే ట్రయల్ వెర్షన్‌తో, మొదలుపెట్టి వాళ్ల సర్వర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ తెచ్చారు, మెసేజ్‌లూ ఆఖరి 45 రోజుల ఫొటోలూ ఫ్రీ, అన్ని ఫొటోలూ కావాలంటే నెలకి 1.99 డాలర్లు. ఇది నాలుగేళ్ల ముందే రావాల్సింది. ఇంకోటి, అకౌంట్‌కి ఇప్పటికీ ఫోన్ నంబర్ కావాలి, 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాక అవతలివాళ్లకి నంబర్ కనపడకుండా దాచుకోవచ్చు, అది మాత్రం ఆడపిల్లలున్న ఇళ్లలో తప్పకుండా పెట్టుకోండి. కాల్ క్వాలిటీ బాగుంది, డల్లాస్‌కి వీడియో కాల్ రోజూ మాట్లాడతాం. బిజినెస్ మెసేజ్‌లు, షాపుల ఆఫర్లు ఇవన్నీ అలవాటైనవాళ్లకి ఇది బోసిగా అనిపిస్తుంది, నాకు ఆ బోసితనమే హాయి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి కొత్త ఫోన్ కొని, పక్కన కూర్చోబెట్టుకుని సిగ్నల్ వేశా. కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగే డబ్బా వచ్చింది, అమ్మ వేలు అలో (Allow) బటన్ మీదకి వెళ్లి ఆగి, ఇది నొక్కకపోతే ముందుకు పోదు కదే అంది. ఇప్పటిదాకా ఏ యాప్ అయినా అమ్మకి నేర్పింది అదే. వద్దని నొక్కి చూడమ్మా అన్నా. నొక్కింది. నెక్స్ట్ స్క్రీన్ వచ్చింది.